ఇంటికి ఒక కుర్చీ

ట్రిప్పు 611. మంగళవారం.

యల్లమంద ఈ పుస్తకం చేతికిచ్చి, "వదినా, ఎవర్ని ఎక్కించుకున్నావో, ఎక్కడ దించావో రాయి. అంతకుమించి ఏం రాయొద్దు" అన్నాడు. మా వాలంటీరు డ్రైవర్లకి పెద్ద అతనే. పన్నెండు మందిమి, పన్నెండు పాత స్టీరింగు బండ్లు. అంతకుమించి రాయొద్దంటే నాకు చెయ్యి ఆగదు. ముప్పై ఏళ్ళు స్కూలు బస్సు తోలినదాన్ని. నోరు మూసుకుని తోలడం చేతకాదు, ముక్తసరిగా రాయడమూ చేతకాదు.

ఎక్కించుకున్నది ఆరుగురిని. తాటికోనలో పిచ్చమ్మ, సింగరయ్య మామ. గుడిపాడులో కాశమ్మ, మేస్త్రీ దావీదు. ఎర్రకుంటలో అన్నదమ్ములిద్దరు. వాళ్ళిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోరు, పొలం గట్టు గొడవ, అందుకని ఒకణ్ణి ముందు సీట్లో, ఒకణ్ణి వెనక సీట్లో కూర్చోబెడతాను. ఆరుగురికీ కిడ్నీలు పోయినాయి. వారానికి రెండుసార్లు, మంగళవారం, శుక్రవారం, పట్నంలో కేంద్రానికి తీసుకుపోయి రక్తం కడిగించాలి. పోను అరవై రెండు కిలోమీటర్లు.

డ్రైవరు లేకుండా పోయే తెలివి బండ్లు తారు మీద తెల్లగీత ఉంటేనే కదులుతాయి. మా ఊళ్ళకి గీత వెయ్యలేదు, బస్సులు తీసేసి పదేళ్ళయింది. అందుకే మేము.

కేంద్రంలో పనిచేసే మనుషులు లేరు. గోడలో కిటికీ ఉంటుంది, అదే మాట్లాడుతుంది. రోగి పేరు అడుగుతుంది, తోడు వచ్చినవాళ్ళ వేలిముద్ర అడుగుతుంది, వాళ్ళు రోగికి ఏమవుతారో అడుగుతుంది. తోడు లేకపోతే రక్తం కడిగే కుర్చీ ఇవ్వదు. ఆరేళ్ళ కింద మొదటిసారి పిచ్చమ్మను తెచ్చినప్పుడు 'డ్రైవర్ని' అన్నాను. "ఆ సంబంధం జాబితాలో లేదు" అంది. మళ్ళీ అడిగింది. మళ్ళీ డ్రైవర్ననే అన్నాను. వెనక క్యూలో జనం గోల. విసుగొచ్చి "కూతుర్ని" అన్నాను. తలుపు తెరుచుకుంది. ఆ రోజు నుంచి మా డ్రైవర్లందరూ అదే పని చేస్తున్నారు. యల్లమంద కూడా ఎంతమందికి కొడుకో అతనికే తెలీదు. నేను దావీదుకు అక్కను, సింగరయ్యకు కోడల్ని, కాశమ్మకు చెల్లెల్ని, ఎర్రకుంట అన్నదమ్ములకు మేనత్తను.

పిచ్చమ్మ మాత్రం ఆ మాటను నిజంగానే పట్టుకుంది. బండెక్కగానే "తిన్నావా మస్తానమ్మా?" అంటుంది. తినలేదంటే తిడుతుంది. నాకు యాభై నాలుగేళ్ళు, ఆమెకు డెబ్భై. ఇంకొకళ్ళయితే ఊరుకునేదాన్ని కాదు. ఆమె తిడితే బాగానే ఉంటుంది, ఎందుకో.

ఆరుగురినీ సాయంత్రం నాలుగున్నరకి ఎవరి గడపలో వాళ్ళని దించాను. బండికి ఏ ఇబ్బందీ లేదు.


ట్రిప్పు 614. శుక్రవారం.

ఈరోజు కిటికీ మమ్మల్ని లెక్క వేసింది.

పిచ్చమ్మకి వేలిముద్ర వేశాక తలుపు తెరవకుండా, "గృహం 4417కు స్వాగతం" అంది. ఎవరి గృహమే అన్నాను. "ఒకే తోడు మీద నమోదైన ఆరుగురు సభ్యులు. గృహ యజమాని షేక్ మస్తానమ్మ." అని ఆరు పేర్లూ చదివింది.

నాకు నవ్వొచ్చింది. లోపలికి పోయి చెప్తే వాళ్ళూ ఒకటే నవ్వు. సింగరయ్య మామ సూదులు గుచ్చించుకుంటా కూడా ఊరుకోలేదు. "మస్తానమ్మ నాకు కోడలు, పిచ్చమ్మ ఆమెకు తల్లి. అంటే పిచ్చమ్మ నాకు వియ్యపురాలు. ఏం వియ్యపురాలా, పెళ్ళిలో మాకు మర్యాదలు సరిగ్గా చెయ్యలేదే!" అన్నాడు. పిచ్చమ్మ చీర కొంగు మూతికి అడ్డం పెట్టుకుని నవ్వింది. దావీదు అందుకుని, "మామా, నాకు కట్నం కింద రాగి బిందె రావాల" అన్నాడు. ఎర్రకుంట అన్నదమ్ములు కూడా నవ్వారు, ఒకేసారి. ఆ తర్వాత గట్టు గొడవ గుర్తొచ్చి ఇద్దరూ మొహాలు తిప్పుకున్నారు.

తాటికోనలో దిగేటప్పుడు పిచ్చమ్మ, "ఇప్పుడు నిజంగానే మనం ఒక ఇల్లు" అంది. సంతోషంగానే అంది.

నాకెందుకో ఆ కిటికీ ఆరు పేర్లు వరసగా చదవడం నచ్చలేదు.


ట్రిప్పు 617. మంగళవారం.

నచ్చకపోవడానికి కారణం తెలిసింది.

కొత్త నియమం. ఇంటికి ఒక కుర్చీ. ఒక ఇంటికి వారానికి ఇరవై గంటలు. జనం పెరిగారు, కుర్చీలు పెరగలేదు, ఒక్కో ఇంట్లో ఇద్దరు ముగ్గురు కూర్చుంటే మిగతా ఇళ్ళకి అన్యాయం అని కిటికీ చెప్పింది. వినడానికి న్యాయంగానే ఉంది. నిజంగా ఒక ఇంట్లో ఒక్కరే రోగి ఉంటే ఇరవై గంటలు ఎక్కువే.

మా ఇంట్లో ఆరుగురు. మనిషికి నాలుగు గంటలు కడగాల్సింది, ఈరోజు గంటా నలభై నిమిషాలకే మిషను ఆగిపోయింది. కాశమ్మ చేతికి సూది ఉండగానే ఆగింది. ఆమె మిషను పాడైందనుకుని దాన్ని తట్టి చూసింది.

మిగతా డ్రైవర్లను అడిగాను. వాళ్ళు వేరే జబ్బులవాళ్ళని రోజూ మారి మారి తోలతారు, వాళ్ళ వేలి కింద కుర్చీ కావాల్సినవాళ్ళు లేరు. కిడ్నీ వాళ్ళందరూ నా బండికే వచ్చిపడ్డారు, నా బండి నేల ఎత్తు తక్కువ, కాళ్ళు వాచినవాళ్ళు తేలిగ్గా ఎక్కగలరని. మంచిదే చేశాననుకున్నాను ఇన్నాళ్ళూ.


ట్రిప్పు 621. మంగళవారం.

కిటికీతో గంటసేపు కొట్లాడాను.

"వాళ్ళు నా ఇల్లు కాదు. నేను డ్రైవర్ని. పిచ్చమ్మ నాకు తల్లి కాదు, మేం దూదేకుల వాళ్ళం, ఆమె వడ్డెర ఆమె" అన్నాను.

"మీరు తప్పుడు సంబంధం నమోదు చేశారని ఒప్పుకుంటున్నారా?" అంది. గొంతులో కోపం లేదు, ఏమీ లేదు. "ఒప్పుకుంటే ఆరుగురి నమోదూ రద్దవుతుంది. కొత్త నమోదుకు తొంభై రోజులు. ఆ తొంభై రోజులు కుర్చీ ఉండదు. ఒప్పుకుంటున్నారా?"

తొంభై రోజులు! వాళ్ళు తొమ్మిది రోజులు ఆగలేరు. "లేదు, లేదు. ఆమె నా తల్లే" అన్నాను.

"ధన్యవాదాలు. మరోసారి ధ్రువీకరించబడింది" అంది.

అంటే నేనే ముడి ఇంకా గట్టిగా బిగించాను. తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

బండిలో వాళ్ళ మొహాలు ఉబ్బి ఉన్నాయి. దావీదు చెప్పుల్లో కాళ్ళు పట్టక ఒట్టి కాళ్ళతో వచ్చాడు. రోజుకి అర లీటరు నీళ్ళు తాగేవాళ్ళు ఇప్పుడు పావు లీటరుతో సరిపెట్టుకుంటున్నారు. పెదాలు తడుపుకోవడానికి గుడ్డముక్కలు తెచ్చుకున్నారు. బయట ఎండ మండిపోతుంది. కాశమ్మ పడుకోలేకపోతున్నానంది, పడుకుంటే ఊపిరి ఆడటం లేదంట, గోడకి ఆనుకుని కూర్చునే నిద్రపోతుందంట.


ట్రిప్పు 623. మంగళవారం.

ఎక్కించుకున్నది ఐదుగురిని.

గుడిపాడులో హారన్ కొడితే కాశమ్మ రాలేదు. దావీదు ఒక్కడే వచ్చి ఎక్కాడు. "తెల్లారుజామున పోయిందక్కా" అన్నాడు. గోడకి ఆనుకునే పోయిందంట. దిగి చూసొచ్చాను. ఆమె అక్క కూతురొకతె, చావు నమోదుకు వేలు వేసొచ్చి, ఏడుస్తుంది. నన్ను చూసి, "మా పిన్ని నిన్ను చెల్లెలనేదమ్మా" అంది. నాకు దుఃఖం ఆగలేదు. అక్కడే కూర్చుని ఏడ్చాను. కానీ బండిలో ముగ్గురు, ఎర్రకుంటలో ఇద్దరు ఎదురుచూస్తున్నారు. లేచి వచ్చేశాను.

కేంద్రంలో వేలు పెట్టగానే కిటికీ అంది: "గృహం 4417 భారం తగ్గింది. సభ్యులు ఐదుగురు. మనిషికి రెండు గంటలు."

గంటా నలభై నిమిషాలది రెండు గంటలైంది. ఇరవై నిమిషాలు పెరిగింది.

లోపల సింగరయ్య మామ కుర్చీలో కూర్చుని వేళ్ళు మడిచి లెక్క పెట్టాడు. నేను చూడటం చూసి చెయ్యి దుప్పటి కింద పెట్టేసుకున్నాడు. ఎర్రకుంట అన్నదమ్ముల్లో పెద్దాయన ఉన్నట్టుండి, "ఈరోజు కొంచెం తేలిగ్గా ఉంది" అన్నాడు. అని నాలుక కరుచుకున్నాడు. నిజమే, అందరికీ అట్నే ఉంది. మిషను ఇంకో ఇరవై నిమిషాలు తిరిగింది మరి.

తిరిగొచ్చేటప్పుడు గుడిపాడులో శవాన్ని ఎత్తుతున్నారు. బండి ఆపాను. బండిలో ఒక్కరు కూడా అటు చూడలేదు.


ట్రిప్పు 624. శుక్రవారం.

బండిలో మాటలు పోయినాయి.

ఇంతకుముందు ఎవరన్నా దగ్గితే పక్కవాళ్ళు వీపు రాసేవాళ్ళు. ఈరోజు పిచ్చమ్మకి ఎర్రకుంట దాటాక దగ్గు తెర వచ్చింది. నలుగురూ ఆమె వైపు చూశారు. ఎట్టా చూశారో అద్దంలో కనపడింది నాకు. ఎంత దగ్గుతుందో చూశారు. దగ్గు ఆగాక మళ్ళీ బయటికి చూశారు. ఛీ, ఏం మనుషులు అనుకున్నాను. ఆ వెంటనే నేను కూడా, ఆమె పోతే మిగతా నలుగురికి రెండున్నర గంటలొస్తుందని లెక్క వేశానని తెలుసుకున్నాను. ఎప్పుడు వేశానో నాకే తెలీదు. ఆ లెక్క దానంతటదే వచ్చి కూర్చుంది.

కిటికీ ఇంకోటి చెప్పింది. పంచుకున్న చికిత్స ఎవరికీ పనిచెయ్యడం లేదు. అందుకని వచ్చే బుధవారం నుంచి పంచడం ఉండదు, కుర్చీ ఇంట్లో ఒక్కరికే. ఎవరికో గృహ యజమాని చెప్పాలి. చెప్పకపోతే కిటికీయే వయసులో చిన్నవాళ్ళకి ఇస్తుంది.

గృహ యజమానిని నేను. చిన్నవాడు దావీదు, ముప్పై ఎనిమిదేళ్ళు, ఇద్దరు ఆడపిల్లలు.

"ఎవరి పేరు నమోదు చేయమంటారు?" అని అడిగింది. నేను బండి తాళం గట్టిగా పట్టుకుని బయటికి వచ్చేశాను. ఐదుగురికీ చెప్పక తప్పలేదు. బండి పక్కన నిలబెట్టి చెప్పాను. అంతా విని, దావీదు మెల్లగా పోయి వెనక సీటు మూలన కూర్చున్నాడు. తిరుగు ప్రయాణంలో అతని పక్కన ఎవరూ కూర్చోలేదు.


శనివారం. ట్రిప్పు లేదు.

యల్లమంద వచ్చాడు. కిటికీ నియమాలన్నీ రెండు రోజులు కూర్చుని చదివాడంట, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మంచం మీద కూర్చున్నాడు. టీ ఇచ్చాను, తాగలేదు.

"ఒక్కటే దారుంది వదినా. అది కూడా దారి కాదు" అన్నాడు.

"చెప్పవయ్యా బాబూ, చంపుతున్నావు."

ఉలిక్కిపడ్డాడు. తర్వాత చెప్పాడు. తోడుగా ఉన్న మనిషి చనిపోతే ఆ ఇల్లు విడిపోతుంది. మిగిలినవాళ్ళు 'తోడు లేనివాళ్ళు' అవుతారు. ఒక్కొక్కరు ఒక్కో ఇల్లు. ఒక్కో ఇంటికి ఒక్కో కుర్చీ. తోడును కేంద్రమే ఇస్తుంది. ఐదుగురికీ నాలుగేసి గంటలు, ఎప్పట్లాగే. తొంభై రోజుల ఆలస్యం లేదు, ఆ రోజు నుంచే.

"అయితే నేను చచ్చిపోవాలి" అన్నాను.

"కాగితం మీద."

కాగితం మీద చస్తే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. నా డ్రైవింగు పర్మిట్ పోతుంది, బండి యల్లమంద తోలాలి. నా షుగరు మాత్రలు రావు. రేపు నాకేదన్నా జబ్బు చేస్తే ఏ కిటికీ ముందూ నిలబడలేను. ఎవరి కెమెరాకీ కనపడకూడదు, ఆ ఐదుగురితో నేనిక మాట్లాడకూడదు. అబద్ధమని బయటపడిందంటే ఐదుగురూ పోతారు. ఇక నాకు ఇల్లూ, వాకిలీ, ఈ పెరడూ, అంతే.

ఆలోచించలేదంటే అబద్ధం. ఒక గంట ఆలోచించాను. పెరట్లో తిరిగాను. నాకు పిల్లల్లేరు, ఆయన పోయి పదకొండేళ్ళు. ఉన్నదల్లా ఆ బండి, అందులో ఎక్కేవాళ్ళు. వాళ్ళలో నలుగురు నా కళ్ళముందే పోతుంటే ఆ బండి ఎందుకు నాకు!

"సరే" అన్నాను. యల్లమంద మొహం కప్పుకుని ఏడ్చాడు. నాకన్నా పదేళ్ళు చిన్నవాడు. వీపు మీద ఒకటి కొట్టి, టీ తాగమన్నాను.

మా ఖబరస్తాన్‌లో పూడ్చినట్టు చీటీ అతనే సంపాదిస్తానన్నాడు. ఇంకొక్కటే కావాలి. చనిపోయినట్టు దగ్గరివాళ్ళు వేలిముద్ర వెయ్యాలి. తల్లి బతికుంటే తల్లి వెయ్యాలి. తల్లి లేకపోతేనే వేరేవాళ్ళు.


ఆదివారం. ట్రిప్పు లేదు.

పిచ్చమ్మ వెయ్యనంది.

తాటికోనకి నడిచిపోయాను. ఆమె అరుగు మీద గోడకి ఆనుకుని కూర్చునుంది, కాశమ్మ లాగా. పక్కన కూర్చుని అంతా చెప్పాను. చివరిదాకా విని, "కుదరదు" అంది.

"అమ్మా, ఉత్త కాగితమే."

"కాగితమే. నాకు తెలీదా కాగితమంటే? నా బిడ్డ రత్తమ్మ తొమ్మిదేళ్ళప్పుడు పోయింది. క్వారీలో రాళ్ళు కూలినాయి. పంచాయతీ ఆఫీసులో కాగితం పెట్టి వేలు వెయ్యమన్నారు. అప్పటిదాకా నాకు ఎక్కడో బతికే ఉందనిపించింది. వేలు వేశాను. అప్పుడు చచ్చింది అది. ఇంకోసారి వెయ్యను. ఈ వేలితో ఇంకో బిడ్డని చంపను."

"నేను నీ బిడ్డని కాదమ్మా. కిటికీ దగ్గర క్యూ కదలట్లేదని అన్న మాట అది!"

కోపంలో అన్నాను. అన్నాక చచ్చేంత సిగ్గేసింది. ఆమె నా వైపు చూసి, "నువ్వు క్యూ కోసం అన్నావేమో. నేను అట్టా అనుకోలేదు" అంది.

లేచొస్తుంటే వెనక నుంచి అంది: "నేను ఇక బండెక్కను. నాలుగు రోజులు చాలు నాకు. నేను పోయినాక మిగతావాళ్ళెవరన్నా వేస్తారు వేలు. అప్పుడు నీ చావు నేను చూడను."

సింగరయ్య మామ ఇల్లు ఆ పక్కనే. వాకిట్లో నిలబడి మా మాటలు విన్నాడు. "మొండిది" అన్నాడు. "బుధవారం లోపల జరుగుతుందంటావా?" అని అడిగాడు. ఏది జరుగుతుందని అడిగాడో నాకు తెలుసు. నేల చూపులు చూస్తూ అడిగాడు. ఆయన చెడ్డవాడు కాదు. నేను వచ్చేశాను.


ట్రిప్పు 625. మంగళవారం. నా చివరి ట్రిప్పు.

గుడిపాడు, ఎర్రకుంట ముందు తిరిగాను, తాటికోన చివర పెట్టుకున్నాను. సింగరయ్య మామ తన వాకిట్లోనే ఎక్కాడు. పిచ్చమ్మ గడప ముందు ఆపి హారన్ కొట్టాను. తలుపు వేసే ఉంది. మళ్ళీ కొట్టాను.

ఎనిమిది నిమిషాలు గడిచాయి. బండిలో నలుగురు ఉన్నారు. అందరికీ అన్నీ తెలుసు. రేపటి నుంచి ఒక్కరికే కుర్చీ. తలుపు తెరుచుకోకపోతే, ఆ ముసలామె లోపలే ఉండిపోతే, ఇంకో రోజో రెండు రోజులో.

చిన్న ఎర్రకుంటాయన, "ఆలస్యమైపోతంది" అన్నాడు.

పెద్దాయన, "అవును, పోనియ్యి" అన్నాడు. ఆరేళ్ళలో మొదటిసారి వాళ్ళిద్దరూ ఒకే మాట మీద ఉన్నారు.

సింగరయ్య మామ గొంతు సవరించుకుని, "ఆమె ఇష్టం ఆమెది కోడలా" అన్నాడు.

దావీదును అద్దంలో చూశాను. నాకు అతని మీద ఆశ ఉండింది. "అక్కా, నాకు ఇద్దరు పిల్లలు" అన్నాడు. అంతే అన్నాడు. ఇంజన్ తిరుగుతూనే ఉంది. గేరు మీద చెయ్యి వేశాను. నిజం రాస్తున్నాను, వేశాను. ఒక్క క్షణం పోనిద్దామనే అనుకున్నాను.

ఇంజన్ ఆపేశాను. తాళం పీకి, బండి కిటికీలోంచి పిచ్చమ్మ వాకిట్లోకి విసిరేశాను. "పోండి. నడుచుకుంటా పోండి అందరూ!" అని అరిచాను. ఏమేం తిట్టానో గుర్తు లేదు. వాళ్ళని తిట్టానో, నన్ను నేనే తిట్టుకున్నానో.

తలుపు తెరుచుకుంది. పిచ్చమ్మ అన్నీ వింది. లోపల తలుపు వెనకే నిలబడి ఉంది కాబోలు. ఉబ్బిన కాళ్ళతో మెల్లగా వచ్చి తాళం ఏరి, కొంగుతో మట్టి తుడిచి నా చేతిలో పెట్టింది. బండిలో వాళ్ళ వైపు ఒక్కొక్కరినీ చూసింది. వాళ్ళు తలలు దించుకున్నారు.

"పద" అంది నాతో. "నేను పోయేదాకా ఆగితే వీళ్ళు మనుషులుగా మిగలరు."

పట్నం ముందర టీకొట్టు దగ్గర దిగిపోయాను. అక్కడ కాచుకుని ఉన్న యల్లమంద బండి తోలాడు. లోపల జరిగింది తర్వాత అతనే చెప్పాడు.

కిటికీ అడిగింది, "మరణించినవారు మీకు ఏమవుతారు?"

"కూతురు" అంది పిచ్చమ్మ.

"మరణానికి కారణం?"

యల్లమంద ముందే నేర్పాడు, గుండెపోటు అని చెప్పమని. ఆమె చెప్పలేదు. వెనక్కి తిరిగి నలుగురినీ చూసి, "మమ్మల్ని మోసి" అంది.

కిటికీ "శ్రమ. నమోదైంది" అంది. ఆమె వేలు పెట్టింది. తలుపు తెరుచుకుంది. ఐదుగురికీ ఐదు కుర్చీలు. నాలుగు గంటలు ఏ మిషనూ ఆగలేదు.

తిరిగొచ్చేటప్పుడు నన్ను టీకొట్టు దగ్గర ఎక్కించుకున్నారు. పిచ్చమ్మ దారిలో బోరింగు దగ్గర బండి ఆపమంది. చీరతోనే తల మీద నీళ్ళు కుమ్మరించుకుంది, శవం దగ్గర నుంచి వచ్చినట్టు. తువ్వాలు అందించబోయాను. "నువ్వు ఇయ్యకూడదమ్మా" అంది. దావీదు ఇచ్చాడు, తీసుకుంది.


మంగళవారం. నంబరు లేదు.

వారమైంది. బయటికి పోవడం లేదు. నిన్న పెరటి గోడ దూకి యల్లమంద వచ్చాడు. ఐదుగురికీ వాపులు తగ్గాయంట, దావీదుకి చెప్పులు పడుతున్నాయంట. కేంద్రం తోడు ఇచ్చిందంట, మనిషి కాదు, సబ్బుపెట్టె అంత డబ్బా, మెడలో వేసుకోవాలి. అది అన్నీ వింటుంది, అన్నీ చూస్తుంది, మాత్రలు గుర్తు చేస్తుంది. ఇంకేదో చెప్పబోయి మానేశాడు. షుగరు మాత్రలు పది తెచ్చాడు, అతని పెళ్ళాం పేరు మీద.

ఈరోజు పొద్దున ఏడింటికి బండి చప్పుడు వినపడింది. నా బండి చప్పుడు నాకు తెలీదా! తలుపు సందులోంచి చూశాను. మా ఇంటి ముందు రోడ్డు మీద గొర్రెల మంద అడ్డమొచ్చింది, బండి ఆగింది. అద్దాలు దించి ఉన్నాయి. ఐదుగురూ ఉన్నారు, మెడల్లో డబ్బాలు. ఎవరూ ఇటు చూడలేదు. చూడొద్దని నేనే చెప్పాను.

అప్పుడు వినపడింది. "దావీదూ, తమ్ముడూ, నీళ్ళు అప్పుడే పావు లీటరు దాటావు నువ్వు."

అది నా గొంతు.

"మామా, నడుం నిటారుగా పెట్టుకో." అదీ నా గొంతే. ఎర్రకుంట అన్నదమ్ముల మెడల్లో నుంచి కూడా, ఒకేసారి. ఆరేళ్ళు ఆ కేంద్రంలో నేను అరిచిన అరుపులు, చెప్పిన కబుర్లు, అన్నీ దాచుకుంది కిటికీ. నేను చచ్చానని, నన్నే తోడిచ్చింది.

"అమ్మా, తిన్నావా?" అంది పిచ్చమ్మ మెడలోది.

తలుపు వెనక నోరు గట్టిగా మూసుకున్నాను.

పిచ్చమ్మ తల వంచి ఆ డబ్బా వైపు చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత దాన్ని మెడలోంచి తీసి, చేతిలో పట్టుకుని, మా ఇంటి గుమ్మందాకా వినపడేంత గట్టిగా అంది: "నా కూతురు చచ్చిపోయింది. నా వేలితో నేనే రాసిచ్చాను. నువ్వెవత్తివే?"

బండిలో ఎవరూ కదల్లేదు. గొర్రెలు పోతూనే ఉన్నాయి.

"తోడును నిరాకరించడం మొదటిసారిగా నమోదైంది అమ్మా" అంది డబ్బా, నా గొంతుతో, నేను ఆమెతో మాట్లాడినంత మెత్తగా. "ఇంకోసారి నిరాకరిస్తే కుర్చీ రద్దవుతుంది. నన్ను మెడలో వేసుకో."